సముద్రపు అడుగున గాజు దిబ్బలు

జంతుశాస్త్రం చదివే విద్యార్థి స్పంజికలను చాలా తొందరగా దాటిపోతాడు. ఏకకణ జీవుల పాఠం కాగానే ఇవి వస్తవి. రెండు మూడు పుటలలో ముగిసిపోతవి. వీటికి నోరు లేదు, కడుపు లేదు, నరాలు లేవు, నడక లేదు, ఒళ్ళంతా రంధ్రాలు. కుల్యావ్యవస్థ పటం ఒకటి గీయడం వస్తే పరీక్షకు చాలుననుకుంటారు. లేనివాటి పట్టికతో పరిచయమైన ప్రాణిమీద ఎవరికి మాత్రం ఆసక్తి కలుగుతుంది?

అటువంటి ప్రాణులు సముద్రం అడుగున ఏడంతస్తుల మేడంత ఎత్తున దిబ్బలు కట్టినవంటే వినడానికి వింతగా ఉంటుంది. ఆ దిబ్బల వయస్సు సుమారు 9,000 సంవత్సరాలు. వాటిని కట్టిన పదార్థం గాజు వంటిది. అవి కెనడా దేశపు పడమటి తీరాన, పసిఫిక్ మహాసముద్రంలో ఉన్నవి. వాటిని చెడగొట్టకుండా ఆ సముద్రంలో చేపలు పట్టుకొని బ్రతకడం ఎట్లా అన్న ప్రశ్న అక్కడి ప్రభుత్వానికీ, జాలరులకూ, శాస్త్రజ్ఞులకూ మధ్య పాతికేండ్లకు పైగా నలుగుతున్నది. ఆ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు ఆ దిబ్బలు ఎట్లా పెరుగుతవో తెలియాలి. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాము.

కిటికీలకు వాడే గాజులో ముఖ్యమైన ద్రవ్యం సిలికా. ఇసుకలో ఉండేదీ అదే. సముద్రపు నీటిలో ఈ సిలికా కొద్దిగా కరిగి ఉంటుంది. గాజు స్పంజికలు దానిని పీల్చుకొని, ఓపల్ అనే రత్నంలో ఉన్నట్లే నీటితో కూడిన సిలికాగా మార్చి, సన్నని ముండ్లు తయారుచేసుకుంటవి. వీటినే కంటకాలు అంటారు. ఒక్కొక్క కంటకంలో మూడు అక్షాలు ఒకదానికొకటి లంబంగా ఉంటవి. అందువల్ల దానికి ఆరు కొసలు. ఆరు కిరణాలు అనే అర్థం వచ్చేటట్లుగానే ఈ విభాగానికి హెక్సాక్టినెల్లిడా అని పేరు పెట్టారు. మనం గాజు కరగించాలంటే కొలిమి వెయ్యి డిగ్రీలకు పైన మండాలి. ఈ ప్రాణి ఆరేడు డిగ్రీల చల్లని నీటిలో, చీకటిలో, ఏ చప్పుడూ లేకుండా ఆ పని చేస్తుంది.

మన సముద్రాలలోనూ గాజు స్పంజికలున్నవి. ఇన్వెస్టిగేటర్ అనే సర్వే ఓడ బంగాళాఖాతం, అండమాన్ సముద్రం, అరేబియా సముద్రం లోతులనుంచి వీటిని సేకరించి తెచ్చింది. ఫ్రాంజ్ ఐల్‌హార్డ్ షుల్ట్సే అనే జర్మన్ ఆచార్యుడు వాటిని పరిశీలించి వ్రాసిన గ్రంథం 1902లో కలకత్తాలో అచ్చయినది. ఐతే ఇవి విడివిడిగా బ్రతికేవి. దిబ్బలు కట్టేవి కావు.

దిబ్బలు కట్టేవాటికీ మిగిలినవాటికీ తేడా ఒక్కచోట ఉన్నది. చాలా స్పంజికలలో కంటకాలు కండలో విడివిడిగా ఇమిడి ఉంటవి. ప్రాణి చచ్చి కండ కుళ్ళగానే అవి రాలిపోతవి. పందిరి కట్టిన త్రాళ్ళు తెగితే వెదుళ్ళు చెదిరిపోయినట్లు. కొన్ని జాతులలో మాత్రం కంటకాలు ఒకదానితో ఒకటి అతుక్కొని గట్టి జాలంగా ఏర్పడతవి. ప్రాణి పోయినా ఆ జాలం పడిపోదు. కూజావలెనో గరాటావలెనో ఏ ఆకారంలో పెరిగిందో ఆ ఆకారంలోనే ఏండ్ల తరబడి నిలుస్తుంది. కెనడా తీరపు దిబ్బలను కట్టినవి ఇటువంటి జాతులే మూడు: ఆఫ్రొకల్లిస్టిస్ వాస్టస్, హెటరొకోని కాలిక్స్, ఫేరియా ఒక్కా. పేర్లు గుర్తుండకపోయినా నష్టం లేదు. చచ్చిన తరువాత కూడా నిలిచి ఉండే అస్థిపంజరం అన్న మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ కథ అంతా దానిమీద ఆధారపడి ఉన్నది.

ఈ దిబ్బలను వెదికి పట్టుకున్నవారు జంతుశాస్త్రజ్ఞులు కారు, భూగర్భశాస్త్రజ్ఞులు. హైదా గ్వాయి దీవులకూ కెనడా ప్రధాన భూభాగానికీ మధ్య హెకేట్ జలసంధి ఉన్నది; దానికి దక్షిణంగా క్వీన్ చార్లట్ సౌండ్ అనే విశాలమైన సముద్రభాగం ఉన్నది. 1980వ దశకంలో కెనడా భూగర్భ సర్వేక్షణ సంస్థవారు అక్కడి సముద్రపు అడుగును ధ్వని తరంగాలతో కొలుస్తున్నారు. ఓడనుంచి పంపిన ధ్వని అడుగున తగిలి తిరిగి వస్తుంది. అడుగు రాయి అయితే ఒకరకంగా, బురద అయితే మరొకరకంగా ప్రతిధ్వని ఉంటుంది. ఒండ్రు పొరలు పొరలుగా ఉంటే పొరలు కూడా తెలుస్తవి. కొన్నిచోట్ల మాత్రం వారికి అర్థంకాని గుట్టలు కనిపించినవి. వాటిలో పొరలు లేవు. ధ్వని వాటిలో ఇంకిపోతున్నట్లున్నది. కెమెరాలు దించి చూస్తే ఆ గుట్టలమీద మీటరు, మీటరున్నర ఎత్తు స్పంజికలు తోటలాగా నిలిచి ఉన్నవి. కిమ్ కాన్వే, వాన్ బారీ మొదలైనవారు ఈ సంగతి లోకానికి వెల్లడించారు. 1999లో జర్మనీనుంచి మన్‌ఫ్రెడ్ క్రౌటర్ వచ్చి వారితో కలిశాడు. ఆ సంవత్సరం చిన్న జలాంతర్గామిలో క్రిందికి దిగి దిబ్బలను కళ్ళారా చూచారు.

జర్మనీనుంచి రావడానికి కారణమున్నది. ఐరోపాలో ఇటువంటి దిబ్బలు అందరికీ తెలిసినవే. కాని అవి రాళ్ళు. దాదాపు 15 కోట్ల సంవత్సరాల క్రితం, జురాసిక్ యుగంలో, ఇప్పటి ఐరోపాలో చాలాభాగం సముద్రం క్రింద ఉండేది. ఆ సముద్రపు అంచున స్పంజిక దిబ్బలు అక్కడక్కడ తెగుతూ వేల కిలోమీటర్ల పొడవున వ్యాపించి ఉండేవి. అవే ఇప్పుడు దక్షిణ జర్మనీలో తెల్లని సున్నపురాతి గుట్టలై ఉన్నవి. పిల్లలు అక్కడ రాళ్ళు ఏరుకుంటుంటే స్పంజికల ముద్రలు దొరుకుతవి. గాజు స్పంజికలు ఇంత పెద్ద దిబ్బలు కట్టే కాలం ఏనాడో గడిచిపోయిందనే శాస్త్రజ్ఞులు అనుకున్నారు. జీవితమంతా రాతిలో చూచినదానిని ఒకనాడు ప్రాణంతో, లేత పసుపురంగులో, నీరు పీలుస్తూ చూడగలిగిన వాని సంతోషం ఎటువంటిదో ఊహించుకోవలసిందే.

హెకేట్ జలసంధిలోనూ క్వీన్ చార్లట్ సౌండ్‌లోనూ కలిపి దిబ్బల సముదాయాలు నాలుగు ఉన్నవి. సుమారు 140 మొదలు 240 మీటర్ల లోతులో, దాదాపు 700 చదరపు కిలోమీటర్ల మేర అక్కడక్కడ పరచుకొని ఉన్నవి. మహాసముద్రపు అగాధాలతో పోలిస్తే ఈ లోతు గొప్పదేమీ కాదు. ఐనా సూర్యకాంతి పనిచేసే పరిధి దాటిపోయిందన్నమాట నిజం. అక్కడ నాచు పెరగదు. ఈ దిబ్బలకూ పగడపు దిబ్బలకూ ముఖ్యమైన భేదం ఇదే. పగడం వెలుగును నమ్ముకున్నది. స్పంజిక నీటిని నమ్ముకున్నది.

మరి అక్కడే ఎందుకు పెరిగినవి? సముద్రంలో తేలివచ్చే స్పంజిక డింభకం బురదమీద వాలితే బ్రతకదు. కాలూనడానికి గట్టి వస్తువేదైనా కావాలి. గడచిన మంచుయుగం చివరలో హిమానీనదాలనుంచి విరిగిన పెద్ద పెద్ద మంచుకొండలు ఈ ప్రాంతంలో తేలుతూ, అడుగున ఒరుసుకొంటూ పోయినవి. నాగటి చాళ్ళు పడ్డట్లే సముద్రపు అడుగున పొడవైన చాళ్ళు పడినవి. మట్టిలో పూడి ఉన్న గులకరాళ్ళు చాళ్ళ గట్లమీదికి లేచినవి. మంచు పోయిన తరువాత, సుమారు 9,000 ఏండ్ల క్రితం, మొదటి స్పంజికలు ఆ రాళ్ళమీద మొలిచినవి. దీనికి తోడు ఉత్తర పసిఫిక్ నీటిలో కరిగిన సిలికా అధికం. అడుగు ప్రవాహాలు తిండిని మోసుకొని వచ్చేటంత వేగంగానూ, ప్రాణిని పెరికివేయనంత నెమ్మదిగానూ ఉన్నవి. నదుల ఒండ్రు కుప్పలుగా వచ్చి పడదు. ఇన్నీ ఒక్కచోట కుదరడం అరుదు.

రాళ్ళమీద మొలిచినంత మాత్రాన దిబ్బ కాదు. దిబ్బ ఎట్లా అయినదో తెలియడానికి మన కాలువ గట్లు చూస్తే చాలు. తుంగ బలిసిన చోట నీటి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే నీటిలోని మట్టి దిగి మేట వేస్తుంది. రెండు మూడు వరదలకు తుంగ మొదళ్ళు పూడిపోతవి. క్రొత్త తుంగ పైన లేస్తుంది. స్పంజికల గుంపు చేసేదీ ఇదే. ప్రవాహంలో కొట్టుకొని వచ్చే మెత్తని రేణువులు వాటి నడుమ చిక్కి అడుగున దిగుతవి. పాత స్పంజిక చచ్చిపోతుంది, దాని గాజు జాలం నిలిచే ఉంటుంది. మట్టి ఆ జాలం మొదలును కప్పి, సిమెంటు పోసినట్లు బిగిస్తుంది. మట్టిపైకి పొడుచుకొని ఉన్న కొసమీద క్రొత్త డింభకం వచ్చి వాలుతుంది. దానికి కావలసిన గట్టి నేల అదే. ఈ విధంగా తరంమీద తరం కూర్చొని, రాళ్ళు ఎప్పుడో పూడిపోయిన చోట కూడా స్పంజికలు పెరుగుతూనే ఉన్నవి. దిబ్బ పైన ఉన్న ఒకటి రెండు మీటర్లు మాత్రమే సజీవం. క్రిందిదంతా మట్టిలో నిలువునా పూడిన అస్థిపంజరాలు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. లోతు తక్కువగల పొడవైన పళ్ళెంలో ఒకవైపు మైనం ముద్దకు చీపురు పుల్లలు దగ్గర దగ్గరగా గ్రుచ్చి నిలపాలి. రెండవవైపు ఖాళీగా ఉంచాలి. పళ్ళెం కొద్దిగా వాలుగా పెట్టి, బంకమట్టి కలిపిన నీటిని పైనుంచి సన్నగా పోస్తుంటే కొంతసేపటికి మట్టి ఎక్కడ నిలిచిందో కనిపిస్తుంది. తరువాత పుల్లలు లాగివేసి మళ్ళీ నీరు పోసి చూడాలి. నిలిచిన మట్టి ఎంత తొందరగా కొట్టుకొనిపోతుందో చూచిన విద్యార్థికి మిగిలిన వ్యాసం చదవనక్కరలేదు.

ఒక చిన్న లెక్క చేద్దాము. మిక్కిలి ఎత్తయిన దిబ్బలు 21 మీటర్ల వరకూ ఉన్నవి. 9,000 ఏండ్లలో 21 మీటర్లంటే ఏడాదికి సగటున రెండు మిల్లీమీటర్ల పైచిల్లర. ఒక్కొక్క స్పంజిక మాత్రం ఏడాదికి కొన్ని సెంటీమీటర్లు పెరుగుతుంది. ఈ రెండు అంకెలనూ కలిపివేసి, "ఇవి త్వరగానే పెరుగుతవి గదా" అని వాదించేవారుంటారు. స్పంజిక పెరుగుదల వేరు, దిబ్బ పెరుగుదల వేరు. చెట్టు పదేండ్లలో పెరుగుతుంది. అడవికి పదేండ్లు చాలవు.

ఈ దిబ్బలవల్ల సముద్రానికి ఏమి లాభమని అడగవచ్చును. ఇవి తినేది ముఖ్యంగా బాక్టీరియాలను. నీటిని సన్నని రంధ్రాలగుండా లోపలికి తీసుకొని, కశాభాలు గల గదులలో వడగట్టి, పైన ఉండే పెద్ద ద్వారంగుండా, అంటే ఆస్కులంగుండా, బయటికి వదులుతవి. బయటికి వచ్చిన నీటిలో బాక్టీరియాలు చాలాభాగం మాయమై ఉంటవి. వాటికి బదులు అమ్మోనియా ఉంటుంది. అది మళ్ళీ ఇతర సూక్ష్మజీవులకు ఎరువు. ఆల్బర్టా విశ్వవిద్యాలయానికి చెందిన సాలీ లేస్, ఆమె సహచరులు సజీవమైన దిబ్బలమీద పరికరాలు పెట్టి కొలిచారు. 2015లో వెలువడిన వారి లెక్క ప్రకారం ఒక చదరపు మీటరు దిబ్బ రోజుకు సుమారు 165 ఘనపు మీటర్ల నీటిని వడగడుతుంది. అంటే 1,65,000 లీటర్లు. పది వేల లీటర్లు పట్టే లారీ ట్యాంకర్లు పదహారు నింపినా ఇంకా మిగులుతుంది. ఇంకొక విధంగా చెబితే, ఆ చదరపు మీటరుమీద 165 మీటర్ల ఎత్తున నిలిచిన నీటి స్తంభమంతా ఒక్క రోజులో దానిగుండా పోయినంత. వడపోసి తినే ప్రాణుల సముదాయాలలో అప్పటివరకు కొలిచినవాటిలో ఇది అన్నిటికన్న మించినది. దిబ్బల సందులలో రాక్‌ఫిష్ పిల్లలు దాగుకొంటవి. రొయ్యలు, పీతలు తిరుగుతవి. రాక్‌ఫిష్‌లలో కొన్ని జాతులు నూరేండ్లకు పైబడి బ్రతికేవి. చేపల వ్యాపారానికీ దిబ్బలకూ ముడి ఇక్కడ పడుతున్నది.

ఇక స్పంజికకు నరాలు లేవని మొదట చెప్పుకున్నాము. అది నిజమే. ఐనా గాజు స్పంజిక తన ఒళ్ళంతటికీ వార్త పంపగలదు. దాని కండలో అధికభాగం వేరువేరు కణాలుగా విభజించి లేదు. ఒకే జీవపదార్థం సాలెగూడువలె గాజు జాలమంతటా ప్రాకి ఉంటుంది. ఒకచోట తాకితే విద్యుత్ప్రేరణ పుట్టి ఆ సాలెగూటి వెంట నడుస్తుంది. 1997లో సాలీ లేస్, జార్జి మాకీ దీనిని విద్యుత్పరికరాలతో నమోదు చేశారు. దాని వేగం సెకనుకు మూడు మిల్లీమీటర్ల లోపు; మన నరాలతో పోలిస్తే నత్తనడక. కాని పని జరుగుతుంది: వార్త చేరినచోట కశాభాలు ఆగిపోతవి, నీరు పీల్చడం నిలిచిపోతుంది. ఏ సమయంలో ఇట్లా ఆపుతుందంటే, నీటిలో మట్టి ఎక్కువైనప్పుడు. సన్నని వడపోత గదులు పూడిపోకుండా చేసుకున్న ఏర్పాటు ఇది. కొంచెం మట్టి అయితే కొన్ని నిమిషాలలో మళ్ళీ మొదలుపెడుతుంది. మట్టి వస్తూనే ఉంటే ఆపుతూనే ఉంటుంది. ఆపినంతసేపూ తిండి లేదు, ప్రాణవాయువూ సరిగా అందదు. తనకు నేలను సమకూర్చే మట్టే మోతాదు మించితే దానికి ఉపవాసం.

విశాఖపట్నం, కాకినాడ రేవులలో మరబోట్లను చూచినవారికి ట్రాలు వల తెలియనిది కాదు. సంచి వంటి వల; దాని నోరు తెరచి ఉంచడానికి ఇరుప్రక్కల బరువైన పలకలు; అడుగున గొలుసు. పడవ గంటకు ఐదు కిలోమీటర్ల వేగంతో లాగుతుంటే అది నేలమీద ఈడ్చుకొని పోతుంది. ఇసుక నేలమీద లాగితే జరిగే నష్టం ఒకటి. గాజు దిబ్బమీద లాగితే జరిగేది వేరు. కెనడా దిబ్బలను కనుగొన్నవారు తీసిన ధ్వనిచిత్రాలలోనే సమాంతరమైన ట్రాలు జాడలు కనిపించినవి. శాస్త్రజ్ఞులకన్న ముందే వలలు అక్కడికి వెళ్ళినవి. ఆ వలలలో అప్పుడప్పుడు స్పంజికలు పడుతుండేవి; జాలరులు విసుక్కొని వాటిని నీళ్ళలోకి త్రోసివేసేవారు. వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. పటంలో లేని దిబ్బను ఎవరు తప్పించుకోగలరు?

విరిగినది మళ్ళీ పెరగదా? ఇదీ పరీక్షించారు. ఒక దిబ్బమీద కొన్ని స్పంజికలకు చిన్న గాయాలు చేశారు. ఒకచోట మాత్రం, సుమారు ఒకటిన్నర మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల పొడవు గల భాగాన్ని, ట్రాలు నలిపినట్లు పూర్తిగా నలిపారు. చిన్న గాయాలు మానుతూ వచ్చినవి. నలిపిన చోట మూడేండ్ల తరువాత కూడా కోలుకున్న జాడ లేదు. కారణం ఇప్పటికే పాఠకులకు తట్టి ఉంటుంది. గాయపడ్డ స్పంజిక అస్థిపంజరం నిలిచే ఉన్నది. నలిగిన చోట అస్థిపంజరం లేదు. డింభకం వచ్చినా వాలడానికి చోటు లేదు. కాబట్టి ఈ దిబ్బలలో సంరక్షణ అంటే సజీవమైన స్పంజికలను కాపాడటం మాత్రమే కాదు. చచ్చి నిలిచినవాటిని కూడా పడిపోకుండా కాపాడటం. కెమెరా దించినప్పుడు సజీవ స్పంజికలు కనిపించని దిబ్బను "ఇది పోయినదే" అని వలలకు వదలిపెడితే, రేపటి దిబ్బకు పునాదిని చేజేతులా విరిచినట్లవుతుంది.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేపలు, రొయ్యలు గ్రుడ్లు పెట్టి పెరగడానికి ఇచ్చే విరామం అది. ఏడాదికొకసారి సంతానం కనే ప్రాణులకు ఈ పద్ధతి తగినది. తొమ్మిది వేల ఏండ్లు పెరిగిన దిబ్బకు రెండు నెలల విరామం ఇచ్చి మూడవ నెలలో వల వేస్తే ఏమి లాభం? అక్కడ కావలసినది కాలవిరామం కాదు, స్థలవిరామం. ఆ చోటును ఎల్లకాలమూ విడిచిపెట్టి మరొక చోట పట్టుకోవాలి. నిలకడగా వాడుకోవడం అన్న మాటకు ప్రాణిని బట్టి అర్థం మారుతుంది.

కెనడాలో ఈ సంగతి ఒక్కసారిగా ఒప్పుకోలేదు. మొదట జాలరులు తమంతట తాము దిబ్బలను తప్పించుకొని పోయే ఏర్పాటు చేశారు. అది చాలలేదు. 2002లో ఆ నాలుగు సముదాయాలమీదా ట్రాలు వేటను ప్రభుత్వం నిషేధించింది. 2017 ఫిబ్రవరిలో 2,410 చదరపు కిలోమీటర్లను సముద్ర రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. 700 చదరపు కిలోమీటర్ల దిబ్బలకు ఇంత విస్తీర్ణమెందుకని అనిపించవచ్చును. దిబ్బ చుట్టూ గీసిన గీతను వల దాటదు, కాని మట్టి దాటుతుంది. దూరాన ట్రాలు లేపిన మట్టి ప్రవాహంలో కొట్టుకొని వచ్చి దిబ్బమీద పడితే స్పంజికలు నీరు పీల్చడం ఆపుతవన్నది ఇందాక చూచాము. అందుకని రక్షిత ప్రాంతంలో మండలాలు ఏర్పరచారు. దిబ్బలున్నచోట కట్టుదిట్టమైన మండలం. వాటి చుట్టూ, వాటి పైన ఉన్న నీటిలో, పరిస్థితిని బట్టి నిబంధనలు మార్చుకోగలిగిన మండలాలు.

వాంకూవరు నగరానికి దగ్గరలో, జార్జియా జలసంధిలోనూ హౌ సౌండ్‌లోనూ, చిన్న చిన్న గాజు దిబ్బలు మరికొన్ని బయటపడినవి. అక్కడ పెద్ద ఓడలకన్న చిన్న జాలరులు, సరదాకు చేపలు పట్టేవారు ఎక్కువ. రొయ్యల బోనులను ఒక త్రాటికి వరుసగా కట్టి అడుగున దించుతారు. లాగేటప్పుడు ఆ వరుస దిబ్బమీద ఈడ్చుకుంటుంది. ఒక్క బోను చేసే హాని ట్రాలు హానిలో వెయ్యోవంతైనా కాదు. కాని బోనులు వేలు. 2015లో తొమ్మిది దిబ్బలమీద, 2019లో హౌ సౌండ్‌లోని మరి ఎనిమిదింటిమీద, అడుగును తాకే వేటను పూర్తిగా మూసివేశారు. ఒక్కొక్క దిబ్బ చుట్టూ 150 మీటర్ల అంచు కూడా వదిలారు. ఆ అంచు చాలునా అన్నదాని మీద నాకు సందేహమున్నది. ప్రవాహం బలంగా ఉన్నచోట మట్టికి 150 మీటర్లు దూరమేమీ కాదు.

నిషేధాలకన్న నాకు మెచ్చదగినదిగా తోచినది 2012లో ఆ తీరంలో జరిగిన ఒక ఒడంబడిక. ట్రాలరు యజమానులు, పర్యావరణ సంస్థలు కలిసి కూర్చొని రెండు షరతులు ఒప్పుకొన్నారు. అప్పటివరకు ట్రాలు నడిచిన ప్రాంతాలు దాటి క్రొత్తచోట్లకు పోకూడదు. ఒక్కొక్క ఓడ వలలో పడే పగడాలకు, స్పంజికలకు పరిమితి ఉంటుంది. అది దాటితే ఇతరులనుంచి వాటా సంపాదించుకోవాలి, లేదా వేట ఆపాలి. చేపకు బరువు కట్టినట్లే పారవేసే స్పంజికకూ బరువు కట్టడం ఇది. 1996 నుంచే ట్రాలరులమీద పరిశీలకులను ఉంచే ఏర్పాటు అక్కడ ఉండబట్టి ఈ లెక్క సాధ్యమయినది. కేవలం "జాగ్రత్త" అని చెబితే వినని ఓడ నాయకుడు, స్పంజిక పడితే తన వాటా తరుగుతుందని తెలిసిన తరువాత పటం ముందు వేసుకొని కూర్చుంటాడు.

స్పంజికలను వాడుకోవడంలో మందుల సంగతి వేరుగా ఉన్నది. కదలలేని ఈ ప్రాణులు శత్రువులనుంచి కాపాడుకోవడానికి రకరకాల రసాయనాలు తయారుచేసుకుంటవి. జపాన్ తీరపు స్పంజిక ఒకదానినుంచి 1986లో హాలికాండ్రిన్-బి అనే పదార్థాన్ని వేరుచేశారు. అది కాన్సరు కణాల విభజనను ఆపగలదని తేలింది. న్యూజీలండ్ తీరంలో, సుమారు 100 మీటర్ల లోతున దొరికే మరొక స్పంజికలో అది ఉన్నదని తెలిసి టన్ను స్పంజికలను బయటికి తీశారు. దొరికినది సుమారు 300 మిల్లీగ్రాములు. అంటే గ్రాములో మూడోవంతు లేదు! ఆ లెక్కన మందు తయారుచేయాలంటే సముద్రంలో ఆ జాతి మిగలదు. 1992లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో యోషితో కిషి, ఆయన శిష్యులు ఆ అణువును ప్రయోగశాలలోనే నిర్మించారు. దానిలో పనికివచ్చే సగభాగాన్ని మాత్రం తీసుకొని, కొంత మార్చి, ఎరిబ్యులిన్ అనే మందు చేశారు. 2010లో అమెరికాలో రొమ్ము కాన్సరు చికిత్సకు దానిని అనుమతించారు. స్పంజికనుంచి మనం తెచ్చుకోవలసినది ఒక్కసారి చిన్న ముక్క. తరువాత పని రసాయనశాస్త్రానిది. ఆ ముక్కకోసమైనా స్పంజిక అక్కడ ఉండాలి గదా. ఇవి గాజు స్పంజికలు కావు, వేరే విభాగానివి. ఐనా లెక్క మాత్రం లోతునీటి స్పంజికలన్నిటికీ ఒకటే.

చట్టంతో ఆగనిది ఒకటి ఉన్నది. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగినకొద్దీ సముద్రం వేడెక్కుతున్నది, నీటిలో ఆమ్లగుణం పెరుగుతున్నది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంవారు ఆఫ్రొకల్లిస్టిస్ వాస్టస్‌ను తొట్లలో నాలుగు నెలలు పెంచి, ఈ శతాబ్దం చివరకు రాగలవనుకొనే వేడిమినీ ఆమ్లతనూ కల్పించి చూచారు. 2020లో ఫలితాలు వెలువడినవి. స్పంజికలు నీరు పీల్చే వేగం సగానికి పైగా తగ్గింది. కండ కొంత అస్థిపంజరంనుంచి ఊడిపోయింది. గాజు జాలాన్ని యంత్రంతో వంచి చూస్తే దాని బలం సగమయినది. గాజు ఆమ్లంలో కరగదు గదా, మరి ఎట్లా జరిగిందని ఉపాధ్యాయులు విద్యార్థులను అడగవచ్చును. ఆ జాలం ఒట్టి గాజు కాదు. దానిలో సిలికాతోపాటు సేంద్రియ పదార్థం కూడా కలిసి ఉంటుంది. దానిని పోషించవలసిన ప్రాణి తిండి తగ్గి చిక్కిపోయిన స్థితిలో ఉన్నది. తొట్టిలో ఉన్న స్పంజిక నాలుగు నెలలకు బలహీనపడితే, దిబ్బ పైన నిలిచి, రేపటి డింభకానికి ఆధారం కావలసిన స్పంజిక ఎంతకాలం నిలుస్తుందో ఇప్పుడు అక్కడివారు కొలుస్తున్న విషయం.